ఒడి దిగని పసిబిడ్డకు తక్కువ ఖర్చులో స్లింగ్ ఎంచుకోవడం ఎలా

భుజం మీద నిద్రపోయిన బిడ్డను పక్క మీద పడుకోబెట్టబోతారు. ముందు పిర్రలు ఆనిస్తారు, తర్వాత వీపు, ఆఖరికి ఊపిరి బిగబట్టి తల కింది నుంచి చెయ్యి లాగుతారు. వేళ్ళు పూర్తిగా బయటికి రాకముందే కేర్‌మంటుంది. ఎత్తుకోగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిద్రపోతుంది. మా పాపకు మూడో వారం నడుస్తున్నప్పుడు రాత్రీ పగలూ ఇదే వరస. ఒక తెల్లవారుజామున కళ్ళు మూతలు పడుతుండగా, ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని, బిడ్డను పట్టీలూ క్లిప్పులతో ఒంటికి తగిలించుకునే ఒక బకిల్ క్యారియర్ ఆర్డర్ పెట్టేశాను. ఖరీదైనదే. పెట్టె మీద 3.5 కిలోల నుంచి 15 కిలోల వరకు అని రాసి ఉంది. మా పాప అప్పటికి 3.1 కిలోలు. అందులో కూర్చోబెడితే లోపలికి జారిపోయి పైకి జుట్టు మాత్రమే కనపడింది. రెండుసార్లు ప్రయత్నించి అల్మరాలో పడేశాను. ఆ మూడు నెలలూ మమ్మల్ని గట్టెక్కించింది ఒక స్నేహితురాలు ఇచ్చిన స్లింగ్, అంటే బిడ్డను ఒంటికి కట్టుకునే పొడవాటి గుడ్డ. ఉతికి ఉతికి రంగు కూడా వెలిసిపోయింది.

కాబట్టి ఇక్కడ నేను చవక అనేది ఈ వారం ఈ బిడ్డ బరువుకీ మీ ఒంటికీ సరిపోయి, రోజూ వాడుకలో ఉండే దాన్ని. అల్మరా ఎక్కినదేదైనా ఖరీదైనదే.

1. ముందు మూడు విషయాలు రాసుకోండి

ఏ షాపింగ్ యాప్ తెరవకముందే ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి. బిడ్డ ఇవాళ్టి బరువు, ఎవరెవరు మోస్తారు, ఎక్కువగా ఎప్పుడు మోస్తారు.

బరువు ఎందుకంటే, స్లింగులకీ క్యారియర్లకీ కనీస బరువు ఒకటి ఉంటుంది. చాలావాటి మీద 3.2 అనో 3.6 అనో కనిపిస్తుంది. అంకెలు అలా వంకరగా ఉండటానికి కారణం అవి 7, 8 పౌండ్లను కిలోల్లోకి మార్చగా వచ్చినవి. పుట్టినప్పటి బరువు కాకుండా ఇవాళ్టి బరువు చూడండి. మొదటి వారంలో పిల్లలు కొంత బరువు తగ్గి, తర్వాత పుంజుకుంటారు. ఇంట్లో మనం బరువు చూసుకునే మెషిన్ పసికందు విషయంలో అంత నమ్మకమైనది కాదు, ఆసుపత్రి కార్డు మీద చివరగా రాసినదే తీసుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, బరువు బాగా తక్కువైనా, ఊపిరి తీసుకోవడంలో ఏ ఇబ్బంది ఉన్నా పిల్లల డాక్టర్‌ను అడగకుండా ఏ స్లింగూ కొనకండి. మరీ జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉన్న రోజుల్లో కూడా ఆగడమే మంచిది.

ఎవరు మోస్తారన్నది చాలామంది ఆలోచించరు. మీరూ మీ ఆయనా ఇద్దరూ మోసేట్టయితే, పైగా ఇద్దరి ఒడ్డూ పొడుగూ వేరైతే, ఒకే సైజుకి కుట్టినవి పనికిరావు. ఆపరేషన్ అయిన తల్లి అయితే నడుం దగ్గర బెల్టు గానీ ముడి గానీ కుట్ల మీద ఒరుసుకోకుండా ఉండేది చూసుకోవాలి. ఎప్పటి నుంచి మోయవచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. వీపు నొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్ళకి బరువు ఒకే భుజం మీద పడే రకం త్వరలోనే చుక్కలు చూపిస్తుంది.

మూడోది ఎప్పుడు, ఎంతసేపు. ఇంట్లో సాయంత్రాలు గంటల తరబడి తిప్పడానికా, లేక బయటికి వెళ్ళినప్పుడు పది నిమిషాలకోసారి ఎక్కించి దించడానికా? ఈ రెండింటికీ వేర్వేరు రకాలు నప్పుతాయి.

2. ఎన్నాళ్ళ కోసం కొంటున్నారో లెక్క వేయండి

పుట్టిన రెండో వారం నుంచి పిల్లల ఏడుపు పెరుగుతుంది, ఆరో వారం అటూ ఇటూగా తారస్థాయికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకి నెమ్మదిస్తుంది. సాయంత్రాలు మరీ ఎక్కువ. మీ పెంపకంలో లోపమేమీ లేదు, పసిపిల్లల తీరే అంత. అంటే మీరు కొనబోయేది ముందుగా ఈ మూడు నాలుగు నెలల గండం దాటించాలి. మూడేళ్ళ దాకా వస్తుందన్న మాట విని కొంటే, నాలాగా ఇవాళ పనికిరానిది ఇంటికి తెచ్చుకుంటారు.

ఎత్తుకుంటే నిజంగా తేడా ఉంటుందా అని మా ఆయన అడిగాడు. ఉంటుందనే చెప్పాలి. 1986లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడ్చినప్పుడే కాకుండా మామూలుగా ఉన్నప్పుడు కూడా రోజూ ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. సాయంత్రం వేళల్లో 51 శాతం తక్కువ. అయితే అదే బృందం 1991లో కోలిక్ ఉన్న, అంటే కారణం తెలియకుండా గంటల తరబడి ఏడ్చే పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇలాంటి మేలు కనపడలేదు. అందుకని స్లింగ్ కట్టగానే మంత్రం వేసినట్టు ఏడుపు ఆగిపోతుందని ఆశ పెట్టుకోకండి. చేతులు ఖాళీ అవుతాయి, చాలామంది పిల్లలు కుదుటపడతారు. అంతవరకు నమ్మొచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉన్నా, పాలు తాగడం మానేసినా, ఏడుపు ఎప్పటిలా కాక వేరేగా వినిపించినా స్లింగ్ సంగతి పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

3. రకాలు తెలుసుకోండి, రెండు మూడే మిగుల్చుకోండి

షాపుల్లో పేర్లు బోలెడు. పసికందు దాకా వస్తే నిజంగా ఆలోచించాల్సినవి కొన్నే.

సాగే ర్యాప్. టీషర్టు గుడ్డలాంటి, సుమారు 5 మీటర్ల పొడవున్న ఒకే ఒక్క గుడ్డ. బకిళ్ళు లేవు, రింగులు లేవు. ముందే మీ ఒంటికి కట్టేసుకుని, తర్వాత బిడ్డను అందులోకి దించుతారు. పాలివ్వడానికి బయటికి తీసి మళ్ళీ అందులోనే పెట్టొచ్చు, ముడి విప్పక్కర్లేదు. ఎవరి ఒంటికైనా సరిపోతుంది. ఒడి దిగని చంటిబిడ్డకి, ఎక్కువగా ఇంట్లోనే ఉండేవాళ్ళకి నా ఓటు దీనికే. ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి మూడు రోజులు ఆ గుడ్డతో కుస్తీ తప్పదు. బిడ్డ మీద మూడు పొరలు పడతాయి కాబట్టి వేడిగా ఉంటుంది. ఏడు ఎనిమిది కిలోలు దాటాక లేబుల్ ఏమన్నా సరే, గుడ్డ కిందికి సాగి వీపు లాగేస్తుంది. దీన్ని వీపు మీద కట్టుకోవడానికి ఎప్పుడూ వాడకూడదు, పిల్లలు వెనక్కి విరుచుకుంటే గుడ్డ సాగి బయటికి వచ్చేయగలరు.

రింగ్ స్లింగ్. సుమారు 2 మీటర్ల సాగని గుడ్డ, ఒక చివర రెండు రింగులు. రెండో చివరని రింగుల్లోంచి బెల్టులా తిప్పి లాగితే కొంగు కిందికి వేలాడుతుంది. మడత పెడితే చిన్న సంచిలో పట్టేస్తుంది, గుడ్డ ఒక్క పొరే కాబట్టి ఉక్కపోత తక్కువ, నడుం దగ్గర ఏమీ ఉండదు. పుట్టినప్పటి నుంచి, పెద్దయ్యాక పక్కనెత్తుకుని తిరిగే దాకా వస్తుంది. ఎక్కువ కాలం వచ్చేది ఒక్కటే కొనాలంటే ఇదే. కానీ బరువంతా ఒకే భుజం మీద. గంట దాటితే తెలుస్తుంది. రోజూ భుజం మార్చుకోవాలి.

బకిల్ క్యారియర్. వేసుకోవడం సులువు, మగవాళ్ళు ఎక్కువగా దీన్నే ఇష్టపడతారు. ఖర్చు కూడా సాధారణంగా ఎక్కువే. కొనాలనుకుంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కూర్చునే భాగం వెడల్పుని బిడ్డ మోకాళ్ళ దాకా మాత్రమే వచ్చేలా తగ్గించుకోవచ్చా? తగ్గించుకునే వీలుంటే మంచిది. కొన్నిటికి పసిపిల్లల కోసం విడిగా దిండు కొనాలి, దాని ధర కూడా కలుపుకుని లెక్క చూడండి.

నేసిన పొడవాటి ర్యాప్ అన్నిట్లోకీ ఎక్కువకాలం వస్తుంది, కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నిద్ర లేని మొదటి నెలలో ఆ ఓపిక నాకు లేదు. చైనా పద్ధతిలో నాలుగు పట్టీలతో కట్టుకునే మే దాయ్ మధ్యేమార్గం.

4. వీటి జోలికి పోకండి

సంచిలా లోతుగా ఉండి, బిడ్డ అడుగున ముడుచుకుని పడుకునే రకం స్లింగులు ఎంత చవకగా వచ్చినా వద్దు. పసికందుకి మెడ నిలబడదు. సంచిలో వీపు వంగిపోతే గడ్డం రొమ్ముకి ఆనుకుంటుంది, సన్నని శ్వాసనాళం నలుగుతుంది, బిడ్డకి ఏడవడానికి కూడా వీలుండదు. అంటే ప్రమాదం చప్పుడు లేకుండా జరిగిపోతుంది. 2010 మార్చిలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ స్లింగుల మీద హెచ్చరిక జారీ చేసింది. అంతకుముందు 20 ఏళ్ళలో వాటితో ముడిపడిన 14 మరణాలు తమ దృష్టికి వచ్చాయనీ, వాటిలో 12 మంది నాలుగు నెలల లోపు పిల్లలేననీ చెప్పింది. ఆ నెలలోనే సంచి తరహా స్లింగులు పది లక్షలకు పైగా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత అక్కడ స్లింగులకి ఏఎస్‌టీఎం ఎఫ్2907 అనే ప్రమాణం తప్పనిసరైంది. లేబుల్ మీద ఆ అక్షరాలు గానీ, యూరప్‌లో మెత్తని క్యారియర్లకి వాడే ఈఎన్ 13209-2 గానీ కనపడితే కొంత ధీమా.

జేబులా కుట్టేసిన పౌచ్ స్లింగులు మరో రకం. చూడ్డానికి భలే సులువు, తగిలించుకుంటే అయిపోతుంది. కానీ బిగించడానికి ఏమీ ఉండదు. కాన్పయిన తర్వాత ఒళ్ళు వారం వారం మారుతుంటుంది, ఇవాళ సరిపోయింది నెలకి వదులవుతుంది. బిడ్డ ముఖం బయటికి, వీపు మనవైపు ఉండేలా కూర్చోబెట్టే ఫొటోలు చూసి కూడా మురిసిపోవద్దు, మెడ గట్టిగా నిలిచే దాకా ఆ పద్ధతి వద్దు.

బ్రాండెడ్ క్యారియర్ సగం కంటే తక్కువ ధరకి ఎక్కడో ఊరూ పేరూ లేని అమ్మకందారు దగ్గర కనిపిస్తే అది నకిలీ అనుకోవడమే క్షేమం. పైకి అచ్చం అలాగే ఉంటుంది. తేడా లోపలి కుట్టులో, బకిల్ ప్లాస్టిక్‌లో ఉంటుంది.

5. చేతిలోకి వచ్చాక పరీక్షించండి

కొత్తదైనా పాతదైనా ట్యాగ్ కత్తిరించకముందే చేయాల్సిన పని ఇది.

గుడ్డని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. పల్చబడిన చోట్లు, పోగులు లేచిన చోట్లు నక్షత్రాల్లా మెరుస్తాయి. సాగే ర్యాప్ అయితే ఒక జానెడు భాగాన్ని రెండు చేతుల్తో లాగి వదలండి. వెంటనే వెనక్కి రావాలి. ఉసూరుమంటూ నెమ్మదిగా వస్తే బిడ్డ బరువుకి కూడా అలాగే జారుతుంది.

రింగుల మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. నాకు వచ్చిన ఒక రింగ్ స్లింగ్‌ని దూదితో పరీక్షించాను. రింగు చుట్టూ దూది ముక్క తిప్పుతుంటే ఒకచోట పోగు పట్టుకుంది. దగ్గరగా చూస్తే సన్నని గీత, రెండు కొనలు కలిపి అతికిన చోటు. వెనక్కి పంపేశాను. స్లింగ్ కోసం తయారైన రింగులు అతుకు లేకుండా చేసి, బరువు వేసి పరీక్షించినవై ఉంటాయి. సంచులకీ, కర్టెన్లకీ, చేతిపనులకీ అమ్మే రింగులు చూడ్డానికి ఒకేలా ఉన్నా బరువు తీసుకోవడానికి చేసినవి కావు.

తర్వాత కుట్లు. పట్టీ గుడ్డలో కలిసే చోట, రింగుల దగ్గర మడత చోట వేలుగోరుతో గీరి చూడండి. బరువు పడే ప్రతిచోటా ఒకటి కంటే ఎక్కువ వరసల కుట్టు కనపడాలి. బకిల్‌ని పదిసార్లు పెట్టి తీయండి, ప్రతిసారీ టక్‌మని వినపడాలి. తయారీదారు పేరు, బరువు పరిమితి, వాడే విధానం ఉన్న లేబుల్ లేనిదాన్ని ఉంచుకోకండి.

6. ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మొన్నే బిడ్డను పెంచిన బంధువుల్నీ స్నేహితుల్నీ అడగకుండానే మనం ఆన్‌లైన్‌లో పడతాం. సాగే ర్యాప్ వాడేది మూడు నాలుగు నెలలే కాబట్టి చాలా ఇళ్ళల్లో మడత నలగకుండా పడి ఉంటుంది. అడగండి. ఇవ్వడానికి సంతోషిస్తారు కూడా. కొన్ని దేశాల్లో స్లింగ్ లైబ్రరీలు ఉంటాయి, కొన్ని వారాలకి అద్దెకు తెచ్చుకుని, నప్పితేనే కొనుక్కోవచ్చు. మీకు దగ్గర్లో ఉంటే కొనే ముందు అక్కడికే వెళ్ళండి.

పాతది తీసుకునేటప్పుడు ఇందాక చెప్పిన పరీక్షలన్నీ చేయండి, ఆ మోడల్‌ని కంపెనీ వెనక్కి తీసుకున్నదేమో పేరు కొట్టి చూడండి. బకిల్ విరిగి మరోటి కుట్టినవి, ఇంట్లో సరిచేసినవి వద్దు.

సొంతంగా చేసుకోవచ్చా? సాగే ర్యాప్ అయితే చేసుకోవచ్చు. దాదాపు కాటన్, కొద్దిగా స్పాండెక్స్ అనే సాగే దారం కలిసిన, కాస్త మందంగా ఉండే టీషర్టు గుడ్డ 5 మీటర్లు తీసుకుని, పొడవునా సగానికి కత్తిరిస్తే రెండు ర్యాపులు వస్తాయి. ఒక్కోటి 60 నుంచి 75 సెంటీమీటర్ల వెడల్పు. ఈ గుడ్డ అంచులు పోగులు ఊడవు, కుట్టు మిషన్ అవసరమే లేదు. మధ్య భాగం గుర్తుండటానికి అంచు దగ్గర రంగు దారంతో రెండు కుట్లు వేసుకోండి, చీకట్లో కూడా వేలికి తగులుతుంది. గుడ్డలో అతుకులు మాత్రం ఉండకూడదు. రెండు ముక్కలు కలిపి కుట్టి పొడవు చేస్తే ఆ కుట్టు మీదే బరువంతా పడుతుంది. రింగ్ స్లింగ్ సొంతంగా కుట్టడం, కుట్టు బాగా తెలిసినవాళ్ళకైతే తప్ప నేను సలహా ఇవ్వను. బకిల్ క్యారియర్ జోలికి అసలే వద్దు.

7. బిడ్డ కంటే ముందు తువ్వాలుతో కట్టి చూడండి

బిడ్డ ఏడుస్తున్నప్పుడు మొదటిసారి కట్టుకోవడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు. నేను అదే చేశాను, ఇద్దరం ఏడ్చాం. ముందు రోజు రాత్రి, అద్దం ముందు, ఒక బరువైన తువ్వాలు చుట్టి దాన్నే బిడ్డనుకోండి. మంచం అంచు దగ్గర నిలబడండి, జారినా పరుపు మీద పడుతుంది.

సాగే ర్యాప్ కట్టే తీరు ఇది. గుడ్డ మధ్య భాగాన్ని రొమ్ము కింద అడ్డంగా పెట్టండి. రెండు కొనల్నీ వీపు వెనక్కి తీసుకెళ్ళి, అక్కడ ఒకదాని మీదుగా ఒకటి దాటించి, భుజాల మీదుగా ముందుకి తెండి. రెండింటినీ ముందున్న అడ్డ గుడ్డ లోపల్నుంచి కిందికి లాగి, పొట్ట దగ్గర మళ్ళీ దాటించి, నడుం చుట్టూ తిప్పి ముడి వేయండి. ఎంత బిగుతు? మీ ఒంటికి పట్టినట్టుండే టీషర్టు ఎంత బిగుతో అంత. వదులుగా కడితే బిడ్డ బరువుకి పది నిమిషాల్లో బొడ్డు దాకా జారుతుంది. మొదటిసారి అందరూ వదులుగానే కడతారు.

ఇప్పుడు బిడ్డను భుజం మీదికి, వీలైనంత పైకి ఎత్తుకోండి. భుజాల మీది నుంచి దిగే రెండు పొరల్లో మీ ఒంటికి దగ్గరగా ఉన్నదాంట్లోంచి చెయ్యి పెట్టి చిట్టి పాదం అందుకుని కిందికి తీయండి, ఆ పొరను బిడ్డ పిర్రల మీదుగా ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా పరచండి. రెండో కాలికి బయటి పొరతో అదే పని. ఆఖర్న రొమ్ము దగ్గరున్న అడ్డ గుడ్డని కాళ్ళ మీదుగా పైకి లాగి వీపంతా కప్పండి. పొర ఒక్కటి కూడా తగ్గించకూడదు, మూడూ ఉంటేనే బిడ్డ నిలుస్తుంది. ఈ పనంతా అయ్యేదాకా ఒక చెయ్యి బిడ్డ వీపు మీది నుంచి తీయొద్దు.

రింగ్ స్లింగ్ అయితే రింగులు భుజం ఎముక కింద, బ్రోచ్ పెట్టుకునే ఎత్తులో ఉండాలి. కొంగుని గుత్తిగా పట్టుకుని లాగితే గుడ్డ ఒకచోట గుట్టపడుతుంది. పై అంచు, మధ్య భాగం, కింది అంచు, ఒక్కో పోగూ విడివిడిగా లాగండి.

8. కదిలే ముందు ఐదు చూసుకోండి

బ్రిటన్‌లో స్లింగ్ తయారీదారులూ నేర్పేవాళ్ళూ కలిసి టిక్స్ పేరుతో ఐదు సూత్రాలు పెట్టారు. నేను వాటిని నా వరసలో చూసుకునేదాన్ని. తల దించి చూస్తే బిడ్డ ముఖం ఏ గుడ్డా అడ్డం లేకుండా కనపడుతోందా? మెడ వంచితే నుదుటి మీద ముద్దు అందుతోందా? అందకపోతే కిందికి ఉన్నట్టే. గడ్డానికీ రొమ్ముకీ మధ్య కనీసం ఒక వేలు పడుతోందా? వీపు మీద అరచేయి పెట్టి మెల్లగా నొక్కితే బిడ్డ నా ఒంటికి ఇంకా దగ్గరవకుండా అక్కడే ఉంటోందా? నేను ముందుకి కాస్త వంగితే బిడ్డ నా నుంచి వేరు పడకుండా ఉందా? ఈ చివరిది చూసేటప్పుడు తల వెనక చెయ్యి ఉంచాలి.

ఇవి కాక కాళ్ళ సంగతి. పసిబిడ్డని కూర్చోబెట్టినప్పుడు మోకాళ్ళు పిర్రల కంటే కాస్త ఎత్తులో, తొడలు విచ్చుకుని, ఇంగ్లిష్ ఎం అక్షరంలా ఉండాలి. కాళ్ళు నిటారుగా కిందికి వేలాడితే తుంటి కీలుకి మంచిది కాదని, పిల్లల తుంటి కీలు లోపాల మీద పనిచేసే ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేజియా ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. బిడ్డ నిలువుగా, పొట్ట మీ రొమ్ముకి ఆని, చెంప ఒక పక్కకి తిప్పి ఉండాలి. పాలు తాగించడానికి కిందికి దించితే, తాగడం అవ్వగానే మళ్ళీ పైకి తెచ్చి బిగించండి. రొమ్ము దగ్గరే నిద్రపోయింది కదా అని వదిలేయకండి. నేను ఒకసారి అలాగే మరిచిపోయాను. ముక్కు గుడ్డలోకి ఒత్తుకుని ఉండటం చూసి గుండె ఝల్లుమంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ఎత్తుకున్నా, ముఖం కనపడుతోందా అని ఇంకొకరు అడగడం అలవాటైంది.

9. కట్టాక ఏడిస్తే

ఆకలి మీదున్న బిడ్డను, డైపర్ తడిసిన బిడ్డను కట్టకండి. కడుపు నిండి, త్రేన్పు వచ్చి, నిద్ర ముంచుకొస్తున్న సమయం చూసుకోండి. కట్టగానే నిలబడిపోవద్దు, నడవండి. 2022లో జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఏడుస్తున్న పసిపిల్లలతో ప్రయత్నించి చూశారు. ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే చాలామంది కుదుటపడ్డారు. నిద్రపోయాక వెంటనే పడుకోబెట్టకుండా ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకుని కూర్చుంటే లేచిపోయే అవకాశం తగ్గిందని చూశారు. స్లింగ్ లేనప్పుడు కూడా పనికొచ్చే చిట్కా ఇది.

మొదటి రోజు పది నిమిషాలు చాలు. మూడు నాలుగు రోజులు వేర్వేరు వేళల్లో ప్రయత్నించాకే నప్పలేదని తేల్చండి. ఆ లోపు వాపసు గడువు దాటిపోకుండా తేదీ రాసిపెట్టుకోండి, ట్యాగ్ అలాగే ఉంచండి.

ఉక్కగా ఉన్నప్పుడు బిడ్డకి పల్చని ఒక్క జత చాలు, స్లింగ్ గుడ్డనే ఇంకో జత బట్టల కింద లెక్కేయండి. చేతులూ పాదాలూ చల్లగా ఉండటం మామూలే. మెడ వెనక వేళ్ళు పెట్టి చూడండి, చెమటగా ఉంటే విప్పేయండి. పొయ్యి దగ్గర, చేతిలో వేడి గ్లాసుతో, సైకిల్ మీద, కారులో వద్దు. కారులో స్లింగ్ ఎప్పటికీ కారు సీటు పని చేయదు. వంగాల్సి వస్తే నడుం వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చోండి. కట్టుకుని మీరు నిద్రపోకూడదు, సోఫాలో వాలినా సరే. కళ్ళు మూతలు పడుతుంటే విప్పేసి, బిడ్డను తన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కేర్‌మంటుంది, తెలుసు. ఇంకొకరు ఎవరైనా ఉంటే వాళ్ళ ఒంటికి కట్టేయండి.

మా పాప ఏడు కిలోలు దాటాక ర్యాప్ సాగి నా నడుం లాగడం మొదలైంది. అప్పటికి అల్మరాలోని బకిల్ క్యారియర్ తనకి సరిగ్గా సరిపోయింది, మా ఆయనే ఎక్కువగా వాడాడు. రంగు వెలిసిన గుడ్డని ఉతికి, మధ్య గుర్తు దగ్గర ఊడిన దారం మళ్ళీ కుట్టి, నెలలు నిండుతున్న ఒక సహోద్యోగికి ఇచ్చాను. ముందు రోజే తువ్వాలుతో కట్టి చూసుకోమని చెప్పి మరీ ఇచ్చాను.